గారాచర్మ కమాన్ల షెడ్డులో

పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది గాని, మెకానిక్ షెడ్డుల్లో ఇంకా పాత పేరే నడుస్తోంది. ఊరి నుంచి గారాచర్మ వైపు పోయే రోడ్డు పక్కన, కొబ్బరి చెట్ల కింద రేకుల షెడ్డు ఒకటి ఉంది. బోర్డు హిందీలో ఉంటుంది, లోపల మాటలు మాత్రం శ్రీకాకుళం యాస. ఇందులో వింతేమీ లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీళ్లలో చేపల వేటకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలానే ఉన్నాయి. షెడ్డు మేస్త్రి మాత్రం వేటకు కాదు, బండ్ల కమాన్లు, అంటే పట్టీల స్ప్రింగులు, కట్టడానికి వచ్చినవాడు. పని నేర్చింది విశాఖ ఆటోనగర్‌లో.

నేను వెళ్లేసరికి లోపల స్టాండ్ల మీద ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ఉంది. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే పికప్ ఇది. అక్కడి ఫ్యాక్టరీ 2016లో మొదలైంది, వీ-క్రాస్ బయటికొచ్చిందీ ఆ ఏడాదే. ఈ బండి చెన్నైలో చేతులు మారి, ఓడెక్కి ఇక్కడ దిగింది. యజమాని జంగ్లీఘాట్ కుర్రాడు, సొంత పడవ ఉంది. ఫోనులో థాయిలాండ్ పికప్‌ల ఫొటోలు చూపిస్తున్నాడు.

"మావయ్యా, నాలుగంగుళాలు లేపీయ్. ఇలాగుండాలి."

మేస్త్రి ఫోను వైపు చూడనే లేదు. "ఎంత లేపాలో తరవాత సూద్దుం. బండి మీద రోజూ ఏటేస్తావు, ఎంతేస్తావు? ముందది చెప్పు."

"వారంలో రెండ్రోజులు ఇంజినూ వలలూ. ఐసు పెట్టెలు ఎప్పుడైనా. మిగతా రోజులు ఖాళీయే."

"అయితే ఖాళీ బండికే స్ప్రింగు చూడాల."

పికప్ ఎత్తు పెంచాలనుకునేవాళ్లు అంగుళాలతో మొదలుపెడతారు. ఎత్తు అనేది స్ప్రింగు ఎంపిక వల్ల వచ్చే ఫలితమే. ఆస్ట్రేలియా సస్పెన్షన్ బ్రాండ్లు ఓల్డ్ మ్యాన్ ఈము అయినా, ఐరన్‌మ్యాన్ అయినా ఒకే బండికి రెండు మూడు రకాల గట్టిదనంలో స్ప్రింగులు అమ్మేది ఇందుకే. ఖాళీగా తిరిగే బండికి ఒకటి, ఎప్పుడూ రెండు మూడు వందల కిలోలు మోసేదానికి ఇంకొకటి. బరువు బండికి వేసే స్ప్రింగు ఖాళీ బండికి వేస్తే వెనక చక్రాలు గుంత గుంతకీ ఎగిరిపడతాయి. తడి రోడ్డు మీద ఎగిరిన చక్రానికి పట్టు ఉండదు. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం.

వెనక కమాన్ కట్ట విప్పి నేల మీద పరిచాక మేస్త్రి కాస్త మెత్తబడ్డాడు. ఇనుము ఎదురుగా ఉంటే ఆయనకు మాట బాగా వస్తుంది. ఒకే మందం పట్టీలు ఐదున్న కట్టలో ఆరోది కలిపితే గట్టిదనం సుమారు ఐదో వంతు పెరుగుతుంది. పట్టీల సంఖ్య మార్చకుండా మందం పెంచితే లెక్క వేరు. గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 8 మిల్లీమీటర్ల పట్టీల బదులు 9 వేస్తే నలభై శాతం పైగా బిగుస్తుంది. ఈ సూత్రం ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉంది. మేస్త్రి చెప్పింది మాత్రం ఒక్క ముక్కే: "ఒక నూలు మందం పెంచితే నడుం ఇరిగిపోద్ది, బాబూ."

కమాను కొసను ఛాసిస్‌కి కలిపే షాకిళ్లను పొడుగువి వేయడం, ఇరుసుకీ కమానుకీ మధ్య దిమ్మెలు పెట్టడం ఎత్తు పెంచడానికి చౌక దారులు. దిమ్మె పెడితే బ్రేకు వేసినప్పుడల్లా ఇరుసు మెలితిరగాలని చూస్తుంది, ఆ మెలిక పట్టీల మీద పడుతుంది. షాకిల్ పొడవు పెంచితే ఇరుసు కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్టు వణుకుతుంది. నాకైతే ఈ రెండూ డబ్బు మిగిల్చే పనుల్లా అనిపించవు, ఖర్చును వాయిదా వేసే పనులే.

ముందు భాగం ఇంకా సున్నితం. వీ-క్రాస్ ముందు చక్రాలకు కమాన్లు ఉండవు. డబుల్ విష్‌బోన్, కాయిల్ స్ప్రింగు. స్ప్రింగు చక్రానికి కాక, దానికి లోపలగా కింది ఆర్ముకు ఆనుకుని ఉంటుంది. కాబట్టి పైన పాతిక మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు ఎత్తు వస్తుంది. స్పేసర్ అమ్మేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత డ్రైవ్ షాఫ్టు కోణం పెరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి, పై ఆర్ము బాల్ జాయింటు చివరిదాకా సాగి నిలబడుతుంది, క్యాస్టర్ తగ్గి స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడానికి బద్ధకిస్తుంది. నలభై, యాభై మిల్లీమీటర్ల వరకు అలైన్‌మెంట్‌తో సర్దుకోవచ్చు. అది దాటితే పై ఆర్ములే మార్చాలి. నాలుగంగుళాలంటే వంద మిల్లీమీటర్లు.

ఇంకో చిక్కు బండి కిందికి దూరితే గాని కనిపించదు. మేస్త్రి టార్చి వేసి వెనక ఇరుసు నుంచి ఛాసిస్‌కి పోయే సన్నటి కడ్డీని చూపించాడు. వెనక ఎంత బరువుందో బ్రేకులకు తెలిపే వాల్వు తాలూకు కడ్డీ అది. బరువు పడి వెనక భాగం దిగితే వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపుతుంది, తేలికై లేస్తే చక్రాలు లాక్ కాకుండా తగ్గిస్తుంది. ఎత్తు పెంచి ఈ కడ్డీని సరిచేయకపోతే, నిండా సరుకున్నా వాల్వు దృష్టిలో బండి ఎప్పుడూ ఖాళీయే. చాలా పికప్‌లలో ఈ ఏర్పాటు ఉంటుంది. ఎత్తు పెంచేటప్పుడు దీన్ని పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. బ్రేకు గొట్టాల పొడుగు చాలుతుందా, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి పోతున్నాయా అన్నవీ ఈ పద్దులోనివే.

షాక్‌ల సంగతి త్వరగానే తేలిపోయింది. స్ప్రింగు గట్టిపడితే దాన్ని పట్టి నిలిపే షాకూ గట్టిదే కావాలి. బయట నూనె డబ్బా వేలాడే ఖరీదైన షాక్‌లు ఎడారి పరుగుకు పుట్టినవి, నూనె కాగిపోకుండా కాపాడడమే వాటి పని. ఇక్కడి పెద్ద దారి అండమాన్ ట్రంక్ రోడ్డు, అదే నాలుగో జాతీయ రహదారి, దిగ్లీపూర్ దాకా పోతుంది. జిర్కాటాంగ్ దాటాక జరావా గిరిజన రిజర్వులో కాన్వాయ్‌గా, గంటకు నలభై కిలోమీటర్లు మించకుండా, ఎక్కడా ఆగకుండా పోవాలి. ఆ వేగానికి నైట్రోజన్ గ్యాసు నింపిన మామూలు ట్విన్ ట్యూబ్ షాక్‌లు చాలు. ఫొటో కోసమే అయితే సరే, ఎవరి డబ్బు వాళ్లది.

ఇక ఈ షెడ్డులో అన్నిటికంటే పెద్ద శత్రువు ఉప్పు. నేల మీద పడున్న యూ బోల్టులు తుప్పు పట్టి ఉబ్బి ఉన్నాయి. పానాకి లొంగవు, గ్రైండరుతో కోసి తీయడమే. జెట్టీల దగ్గర నిలబడే బండి, మిడిల్ స్ట్రెయిట్‌లో ఫెర్రీ ఎక్కి బారాటాంగ్ దిగే బండి, చేపల నీళ్లు కారే బండి, మూడింటికీ ఒకటే రోగం. ఉప్పు నీరు పట్టీల మధ్య సందుల్లో చేరుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల గుంటలు పడతాయి, ఏదో ఒక రోజు ఆ గుంట దగ్గరే పట్టీ విరుగుతుంది. దీనికి మందు మంచినీళ్లతో అడుగు భాగం కడగడమే. వేసవిలో ధనిఖారి డ్యాములో నీళ్లు తగ్గితే ఇళ్లకే కటకట, బండికి ఎక్కడ దొరుకుతాయి? అందుకే మేస్త్రి కొత్త కట్ట బిగించే ముందు పట్టీ పట్టీకీ గ్రాఫైట్ గ్రీజు పూస్తాడు, బోల్టు మరలకు కూడా.

సామాను ఎంపిక చేసేటప్పుడు కూడా ఆయన చూపు సముద్రం మీదే. చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడ రావాలి. విదేశీ షాక్ కారిపోతే దాని సీలు ఇక్కడ దొరకదు. కమాన్ పట్టీ కుంగితే మాత్రం ఈ షెడ్డులోనే మళ్లీ వంపు తేవచ్చు. "మనం బాగు చేసుకోగలిగిందే మనకి మంచి సామాను" అన్నాడు. క్యాటలాగులు ఈ ముక్క చెప్పవు.

కుర్రాడు అప్పటికీ వదల్లేదు. కింద డిఫరెన్షియల్ రాళ్లకు తగులుతోందన్నాడు. స్ప్రింగులతో ఎంత లేపినా వెనక డిఫరెన్షియల్ నేల నుంచి వెంట్రుకవాసి లేవదు, అది ఇరుసుతో పాటే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 245/70 ఆర్16 బదులు 265/75 ఆర్16 వేస్తే వ్యాసం 54 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇరుసు అందులో సగం, 27 మిల్లీమీటర్లు లేస్తుంది. స్పీడోమీటరు మునుపు సరిగ్గా చూపించి ఉంటే, ఇక అది 60 చూపేటప్పుడు బండి 64లో ఉంటుంది.

చట్టం సంగతి నేనే ఎత్తాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అక్రమంగా చేసిన ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్నా ఇదే. మేస్త్రి తలూపాడు. అరిగిన బుష్షులు, కుంగిన కమాన్లు, చచ్చిన షాక్‌లు మార్చడం మరమ్మతు. నాలుగంగుళాలు లేపడం అలాంటిది కాదు.

చివరికి కుర్రాడి బండికి కుదిరిందిది: బుష్షులన్నీ కొత్తవి, వెనక ఒక పట్టీ మార్పు, గ్యాసు షాక్‌లు నాలుగు, ముందు కుంగిన స్ప్రింగుల స్థానంలో అదే కొలత కొత్తవి. బండి నిలబడాల్సిన ఎత్తుకు వచ్చింది. కుర్రాడి మొహం కాస్త చిన్నబోయింది. నాకు మాత్రం మేస్త్రి లెక్కే సరైనదనిపించింది.

పికప్ సస్పెన్షన్ మార్చాలనుకునేవారికి ఒక విన్నపం. సామాను కొనకముందే, రోజూ వేసే సరుకుతో బండిని కాటా మీదికి ఎక్కించి ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడివిడిగా తూయించండి. ఆ చీటీ పట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్లండి. మీ ఆర్టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగకుండా ఎత్తు జోలికి పోకండి.