మితాకె కొండ మీద రెండు ఎరుపులు

పేరుకు టోక్యోలోదే గానీ మితాకె కొండకు నగరం వాసనే సోకలేదు. ఓమె లైను రైల్లో మితాకె స్టేషన్లో దిగి, బస్సులో కొండ అడుగుకు చేరి, అక్కణ్ణుంచి కేబుల్ కారెక్కాను. నా కాళ్ల దగ్గరే ఒక షిబా కుక్క దర్జాగా కూర్చుంది. దానికీ టికెట్టు ఉంది! పైన గుళ్లో తోడేలును కొలుస్తారు కాబట్టి ఇక్కడికి కుక్కలూ దర్శనానికి వస్తాయి. కారు దిగాక ఊరి వీధి, ఆపైన మూడొందల పైచిలుకు మెట్లు.

నేనొచ్చింది మాత్రం ఆ గుళ్లోని ఒక పాత కవచం కోసం. దాన్ని దాచిన మందిరాన్ని శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో తెరుస్తారు. దాని ముందు గుర్రమెక్కిన హతకెయామ షిగెతద కంచు విగ్రహం ఉంది. 1191లో కవచాన్ని గుడికి సమర్పించింది ఈ యోధుడేనని చెబుతారు.

అద్దం వెనక అది నలుపలకల పెట్టెలా ఉంది. గుర్రం మీంచి బాణాలు వేసేవాడి కోసం చేసిన ఓ-యోరోయ్ ఇది. దీన్ని తొడుక్కుని కాలినడకన పోరాడమంటే శిక్షే. రెండు చేతులూ విల్లుకే సరిపోతాయి, ఇక డాలు పట్టేదెవరు? అందుకే భుజాలకు వెడల్పాటి పలకలు వేలాడదీశారు. రొమ్ము మీద బొమ్మలద్దిన తోలు సోకు కోసం కాదు, లాగి వదిలిన అల్లెతాడు పొలుసులకు తగులుకోకుండా.

అసలు పనితనం ఆ పొలుసుల్లోనే ఉంది. ఇనుముతో, పచ్చితోలుతో చేసిన చిన్నచిన్న రేకులవి. వాటికి ఉరుషి చెట్టు పాలు పూత మీద పూత వేస్తారు. ఆ పూత ఎండలో కాదు, తేమలో గట్టిపడుతుంది. తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వరసలు కట్టి, ఆ వరసల్ని అల్లిన పట్టుతాళ్లతో ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తారు. ఇలాంటి కవచానికి వేలల్లోనే పొలుసులు పడతాయి. కంటికి కనిపించేది మాత్రం దాదాపు అంతా దారమే.

ఆ దారంలో రెండు ఎరుపులున్నాయి. ఒకటి చిక్కటి ఎరుపు, రెండోది వెలిసి గులాబీ రంగుకు దిగిపోయింది. తెలియనివాళ్లు వెలిసినదే పాతదనుకుంటారు. కాదు! ఎనిమిది వందల ఏళ్లు దాటినా దిగని ఎరుపు అకానె అనే మొక్క వేరుది. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే మంజిష్ఠకు అది దగ్గరి చుట్టం. వెలిసిన తాళ్లు వందల ఏళ్ల తర్వాత, మెయిజీ కాలపు మరమ్మతులో రసాయనపు రంగు వేసి కట్టినవి. ఆ మరమ్మతు చేసినవాళ్లను తప్పుపట్టబుద్ధి కాలేదు. బూడిదనీటి పదును పెట్టిన పట్టును వేరు కషాయంలో మళ్లీ మళ్లీ ముంచి తీయాల్సిన పని అది. ఒక్క ముంచుకు భగ్గుమనే కొత్త రంగు చేతికొస్తే ఎవరికి మోజు పుట్టదు? పైగా అది వెలుస్తుందని తేలేది కట్టినవాళ్లు పోయాకే కదా.

ముత్యపుచిప్ప పొదిగిన జీను కూడా ఈ గుడిదే, కవచంలాగే అదీ జాతీయ సంపదే. మరోచోట ఉంటే దాని కోసమే జనం బారులు తీరేవారు. ఈ ఎరుపుతో పోటీ పడాల్సి వచ్చింది పాపం, దాని ముందు ఎవరూ ఆగడం లేదు.