కొలువుల సంగతి అడిగిన గొంతు

ఖరగ్‌పూర్ రైల్వే కొలువులు నిర్మించిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో కళింగాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ కొలువులను నమ్ముకునే అక్కడ తరతరాలుగా స్థిరపడ్డాయి. అటువంటి ఊళ్లకు నిజంగా పట్టే విషయాన్ని రాత్రి తొమ్మిది గంటల చర్చకు తెచ్చినవారు రవీశ్ కుమార్. 2018లో సుమారు 90 వేల రైల్వే ఉద్యోగాలకు రెండు కోట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తక్కిన తెరలు మతం మీద కేకలు వేస్తుండగా, ఆయన ఎన్డీటీవీ ఇండియాలో ఆగిన పరీక్షలపై, రాని ఫలితాలపై, అందని నియామక పత్రాలపై రోజుల తరబడి కథనాలు నడిపారు. వెటకారం పాలు కాస్త ఎక్కువేనన్న మాట నిజమే. అయితే ఆయన నిర్భీతి గొంతు హెచ్చించడంలో లేదు, అడిగిందే మళ్లీ అడగడంలో ఉంది. 2019లో మెగసెసే పురస్కారం లభించింది. 2022 నవంబరులో సంస్థ అదానీల చేతికి వెళుతుండగా రాజీనామా చేసి యూట్యూబ్‌కు మారారు. ప్రేక్షకులు ఆయన వెంట ఫోన్ తెరకు తరలారు. ఆ తొమ్మిది గంటల వేళ ఆ ప్రశ్నను అందుకున్న పెద్ద ఛానల్ ఏదీ?