చదవకుండా చెప్పిన మాట

మెల్‌బోర్న్‌లోని మా తెలుగు సహవాసంలో ఎనభై దాటిన తల్లి ఒకరున్నారు. ఒంటరిగా ఉంటారు. మొన్న గృహదర్శనానికి వెళ్ళినప్పుడు, "అయ్యగారూ, ఇల్లు తుడిచే అమ్మాయిని రావద్దన్నాను. ఇక డబ్బు కట్టాలటగా" అంటూ ఒక కాగితం చూపించారు. రెండు వారాలుగా తానే వంగి తుడుచుకుంటున్నారట.

"పింఛను వారికి అంతా ఉచితమేనమ్మా" అని ధైర్యం చెప్పాను. కాగితం చదవనైనా లేదు. కాపరులకు ఈ తొందర ఎక్కువ!

ఇంటికొచ్చి చదివాను. ఆస్ట్రేలియాలో హోమ్ కేర్ ప్యాకేజీల స్థానంలో 2025 నవంబరు 1న 'సపోర్ట్ ఎట్ హోమ్' వచ్చింది. నాలుగు స్థాయిలు పోయి ఎనిమిదయ్యాయి. బడ్జెట్ మూడు నెలలకొకసారి ఇస్తారు. నర్సు సేవకు వృద్ధులు ఏమీ కట్టనక్కరలేదు. ఇల్లు శుభ్రం చేయడం, తోటపని వంటివాటికి మాత్రం, పథకం మొదలైనప్పటి లెక్క ప్రకారం, పూర్తి పింఛను వారైనా నూటికి 17.5 వంతు కట్టాలి. సొంత ఆదాయం బాగా ఉన్నవారికైతే 80.

అయితే 2024 సెప్టెంబరు 12 నాటికే ప్యాకేజీ మంజూరైనవారికి మునుపటికంటే భారం పెరగదని హామీ ఉంది. మరునాడు వెళ్ళి ఆమె పాత కాగితాలన్నీ వెదికాము. బైబిలు సంచిలో దొరికింది మంజూరు ఉత్తరం. తేదీ 2024 ఆగస్టు! ఆమె మునుపు ఆదాయాన్నిబట్టి రుసుమేమీ కట్టలేదు గనుక ఇప్పుడూ కట్టనక్కరలేదు. అక్కడినుండే ఫోను చేశాము. గురువారం నుండి ఆ అమ్మాయి మళ్ళీ వస్తోంది.

మా సహవాసంలోనే మరో తల్లికి 2025లో మంజూరైంది. ఆమెకు కూడా అంతా ఉచితమేనని చెప్పి ఉన్నాను. రేపు సాయంత్రం వెళ్ళి ఆ మాట సరిచేసుకోవాలి.