పది సెంట్ల పుస్తకం పుట్టిన పేట

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు న్యూయార్కు గురించి చెబుతారు, నయాగరా గురించి చెబుతారు. క్లీవ్‌లాండ్ పేరు యెత్తేవారు తక్కువ. ఈరీ సరస్సు వొడ్డున, వుక్కు కార్ఖానాలతో ఒకప్పుడు వెలిగి, తరువాత కొంత కళ తగ్గిన వూరు అది. కాని లోకంలో పిల్లలందరూ యెరిగిన ఒక వీరుడు ఆ వూళ్ళోనే పుట్టాడు. తల్లి కడుపున కాదు, కాగితం మీద. యిరవై యేళ్ళయినా నిండని యిద్దరు కుర్రాళ్ళు ఆయనకు ప్రాణం పోశారు. ఆయన పేరు సూపర్‌మాన్.

మా మేనల్లుడు ఆ వూళ్ళో వుద్యోగం చేస్తున్నాడు. వాడికి పాత బొమ్మల కథల పుస్తకాలంటే పిచ్చి. నేను వెళ్ళిన మర్నాడే, “మావయ్యా, మ్యూజియం యెక్కడికీ పోదు. ముందు నీకొక యిల్లు చూపిస్తాను, పద” అని కారెక్కించాడు.

గ్లెన్‌విల్ అనే పాత పేట. వరసగా చెక్క యిళ్ళు, ముందు వసారాలు. అక్కడక్కడ యిల్లు కూలిపోయి గడ్డి మొలిచిన ఖాళీ స్థలాలు. కింబర్లీ వీధిలో ఒక మేడయింటి ముందు వాడు కారు ఆపాడు. కంచె మీద సూపర్‌మాన్ చిహ్నం లేకపోతే దాన్ని యెవరూ తిరిగి చూడరు. కథ రాసిన జెర్రీ సీగల్ పెరిగిన యిల్లు అది. పాడుపడుతూ వుంటే అభిమానులు వేలం పెట్టి లక్ష డాలర్లకు పైగా పోగుచేసి, 2009లో బాగుచేయించారు. అది కాపురం వుండే యిల్లు గనుక మేము వీధిలోనే నిలబడి చూశాము.

ఆ కథ మొదట అచ్చయినది “యాక్షన్ కామిక్స్” మొదటి సంచికలో, 1938లో. వెల పది సెంట్లు. అదే సంచిక ప్రతి ఒకటి 2024లో వేలంలో అరవై లక్షల డాలర్లు పలికింది!

“యేమిట్రా యిది? బంగారంతో అచ్చువేశారా?” అన్నాను.

“బంగారమైతే యింత ధర రాదు మావయ్యా. చవక కాగితం గనుకనే వచ్చింది” అన్నాడు వాడు నవ్వుతూ.

వాడు చెప్పింది వినగా సంగతి బోధపడింది. పత్రికలు అచ్చువేసే నాసిరకం కాగితం అది. అందులోని ఆమ్లమే దాన్ని తినేస్తుంది. పచ్చబడి, అప్పడంలా విరిగిపోతుంది. పైగా పిల్లలు చదివి చింపేవారు, తల్లులు పారేసేవారు. రెండో ప్రపంచయుద్ధంలో పాత కాగితాలు యిమ్మని ప్రభుత్వం అడిగితే బళ్ళకొద్దీ యిచ్చేశారు. యుద్ధం తరువాత యీ పుస్తకాలు పిల్లల్ని చెడగొడుతున్నాయని గోల పుట్టింది. 1948 ప్రాంతంలో కొన్ని వూళ్ళలో కుప్పవేసి తగలబెట్టారు. 1954లో సెనేటు విచారణే జరిపింది. మొదట సుమారు రెండు లక్షలు అచ్చయిన ఆ సంచికలో యిప్పుడు మిగిలినవి వందకు అటూయిటూ వుంటాయని అంచనా.

అరుదైనంత మాత్రాన ధర రాదు. యెవరికీ అక్కరలేని అరుదైన పుస్తకాలు యెన్నో వున్నాయి. అందరూ యెరిగిన వీరుడు మొట్టమొదట కనిపించిన పుస్తకం కావాలి. ఆ తరువాత దాని ఒంటి ఆరోగ్యం చూస్తారు. 2000 నుంచి ఫ్లారిడాలో ఒక సంస్థ పుస్తకాన్ని పరీక్షించి, పదికి యిన్నని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి యిస్తున్నది. 2010 ఫిబ్రవరిలో యెనిమిది మార్కుల ప్రతి పది లక్షల డాలర్లకు పోయింది. మరుసటి నెలలోనే యెనిమిదిన్నర మార్కులది పదిహేను లక్షలు పలికింది. అర మార్కుకు అయిదు లక్షల తేడా! చిరిగిన అట్టకు జిగురు పెట్టి, రంగు వేసి ముస్తాబు చేస్తే ధర పెరగదు సరికదా, పడిపోతుంది.

పుస్తకం వెనక కథ వుంటే మరీ మంచిది. సినిమా నటుడు నికొలస్ కేజ్ దగ్గర వున్న ప్రతి 2000లో దొంగల పాలయింది. 2011లో కాలిఫోర్నియాలో దొరికి, ఆ యేడే యిరవై ఒక్క లక్షల అరవై వేల డాలర్లకు అమ్ముడయింది.

“యింతా చేసి, వేలంలో ధర పెంచేది గెలిచినవాడు కాదు మావయ్యా, వోడినవాడు. వాడు పట్టు విడిచేదాకా పాట ఆగదు” అన్నాడు మా వాడు.

మరి ఆ కుర్రాళ్ళకు ముట్టిందెంత? 1938లో సూపర్‌మాన్ మీద సర్వహక్కులూ నూట ముప్ఫయి డాలర్లకు రాసి యిచ్చేశారు. కోర్టులకెక్కినా హక్కులు తిరిగి రాలేదు. 1975లో, పత్రికలన్నీ గొడవ చేశాక, యేడాదికి చెరి యిరవై వేల డాలర్ల భృతి ముట్టింది. పుస్తకాల మీద వాళ్ళ పేర్లు మళ్ళీ కనిపించాయి. బొమ్మలు వేసిన జో షుస్టర్ 1992లోనూ, సీగల్ 1996లోనూ పోయారు. ఆ నూట ముప్ఫయి చేరిన పాత చెక్కు 2012లో వేలానికి వస్తే లక్షా అరవై వేల డాలర్లు పలికింది. వాళ్ళ కష్టానికి కట్టిన ఖరీదు కంటె, ఆ ఖరీదు రాసిన కాగితానికే విలువ యెక్కువయింది!

2025 నవంబరులో “సూపర్‌మాన్” మొదటి సంచిక ప్రతి తొంభై ఒక్క లక్షల డాలర్లకు పైగా పలికింది. ఉత్తర కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములకు, పోయిన తల్లి యింటి అటక మీద, పాత వార్తాపత్రికల కింద దొరికింది అది. ఆమె చిన్నతనంలో కొనుక్కున్నది చదువుకోవటానికి. యిప్పుడు కొన్నవారు పేజీ తిప్పలేరు. పెట్టె తెరిస్తే వేసిన మార్కులు చెల్లవు.

సాయంత్రం అక్కడికి కొద్ది దూరంలో వున్న ఏమర్ వీధికి వెళ్ళాము. షుస్టర్ వున్న యిల్లు యిప్పుడు లేదు. ఆ స్థలం చుట్టూ వున్న కంచెకు ఆ మొదటి కథ పేజీలను పెద్దవిచేసి బిగించారు. వాడూ నేనూ ఒక్కొక్క పేజీ దగ్గరా ఆగి, కథ అంతా నిలబడే చదివాము. అడిగినవాడు లేడు, పైసా ఖర్చు కాలేదు.