పాటు వేళ కోరంగి

కాకినాడ నుంచి యానాం పోయే బస్సులో ఎడమవైపు కిటికీ పట్టుకోమనేవారు మా నాన్న. చొల్లంగి దాటాక ఇళ్ల పెరళ్ల వెనక, కొబ్బరిచెట్ల సందుల్లో మడ అడవి కనబడుతుంది. పెద్ద ఎత్తేం ఉండదు. కొండ లేదు, గోపురం లేదు, చూపు ఆనడానికి ఏమీ లేదు. ఆకాశం, మడ, బురద: అడ్డంగా మూడు గీతలు. తాళ్లరేవులో పెరిగిన నేను పాతికేళ్లుగా ఆ మూడే గీస్తున్నాను.

అటవీశాఖ వారి చెక్కవంతెన మీద ఫొటోలు దిగేవాళ్లకి కోరంగి అంతా ఆకుపచ్చే. నాకు మాత్రం అసలు సరుకు బురదలో ఉంది. పాటు తీస్తుండగా పడవలోంచి చూడాలి. నీరు దిగిన ఒడ్డు ముందు సీసంలా మెరుస్తుంది, కాసేపటికి ఏనుగు తోలవుతుంది, ఎండెక్కితే బూడిద. గాలాడని ఆ బురదలోంచి ఊపిరి కోసం మడవేళ్లు మేకుల్లా పైకి లేస్తాయి. దీనికి నల్లరంగు పనికిరాదు, చచ్చిపోతుంది. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా కలిపి, కాగితం తడారకముందే వదిలేయాలి. ఎరుపు కావాలంటే పర్రలో ఇలకూర ఉంది, రాలబోయే తిల్లాకు ఉంది. తిల్లపాలు కంట్లో పడితే చూపు పోతుందని చిన్నప్పుడు మమ్మల్ని దాని దగ్గరికి పోనిచ్చేవారు కాదు. అందుకేనేమో, నా బొమ్మల్లో తిల్ల ఇప్పటికీ దూరంగానే ఉంటుంది.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. నిన్నటి వెలుగులో నిన్నటి బురద మళ్లీ దొరకాలంటే పక్షం రోజులు ఆగాల్సిందే.

పడవ నడిపేవాడు ఓసారి నా కాగితంలోకి తొంగిచూసి, “అదేంటండీ, అడవంతా ఒగ్గేసి బురదేశారు? పోనీ పీతలన్నా ఎయ్యండి” అన్నాడు. వేశాను.

ఈ కోరంగి ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఇక్కణ్ణుంచి వలసపోయినవాళ్ల మూలంగా బర్మాలో తెలుగువాళ్లనే కోరంగీలనేవారు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకోటి. తతిమ్మా పని గోదావరి ఒండ్రు చేసింది. మడ అడవి 1978లో అభయారణ్యమైంది, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లి ఉంటుంది. నాకు దాని అడుగుల జాడలే దొరికాయి, వాటినే గీశాను.

రాజమండ్రిలో దామెర్ల రామారావు బొమ్మల ముందు నిలబడ్డప్పుడల్లా కాస్త అసూయ. 1925లో, 28 నిండకుండానే పోయాడాయన. ఆయన గోదావరికి కొండలున్నాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఆ నీళ్లు కొండల్ని బురద చేసి తెస్తాయి.

మా ఇంటి వెనక పర్ర ఇప్పుడు రొయ్యల చెరువు. ఏరేటర్లు రాత్రీపగలూ నురగ కొడతాయి. అదీ గీయబోయాను. గట్లు మరీ స్కేలు పెట్టినట్టు వచ్చాయి, చింపేశాను.

చొల్లంగి అమావాస్యకి మళ్లీ వెళ్తున్నాను. ఆ రోజు జనమంతా సంగమ స్నానాలకి వస్తారు, పాటు కూడా లోతుగా తీస్తుంది. పడవతనికి ఫోన్ చేస్తే, “అన్నం కేరేజీ తెచ్చుకోండి. నీరు లాగేసిందంటే మళ్లీ పోటొచ్చేదాకా పడవ కదలదండి, ఆయ్” అన్నాడు.