రేకు సంఖ్య లేని పాటలు

పుంగనూరులో మా అవ్వ ట్రంకుపెట్టెలోంచి తీసిచ్చిన నోటుపుస్తకంలో 60 పైచిలుకు పాటలున్నాయి. ఒక్కదానికీ సంఖ్య లేదు, రాసినవాళ్ళ పేరు లేదు. కానీ ప్రతి పాట మీదా ఒక మాట ఉంది: "వాయల్పాడు అత్తది", "కుప్పం చిన్నమ్మది", "మదనపల్లె వదినె నేర్పింది".

"వీటికి నంబర్లు వేసుకోలేదేం అవ్వా?" అనడిగాను.

"పాటకు నంబరేందే? ఎవురు నేర్పిచ్చినారో గుర్తుంటే చాలదా?" అంది.

నాకప్పుడు చాలదు. తాళ్ళపాక పదసాహిత్యం మీద పీహెచ్.డి. చేస్తున్నాను. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో సంకీర్తన సంపుటాలు ముందేసుకుని కూర్చునే రోజులవి. అన్నమయ్య పాటలు 32 వేలని ప్రతీతి. రాగిరేకుల మీద మనకు మిగిలినవి 12 వేల పైచిలుకు. ఇన్నింటిని గుర్తుపట్టడం ఎలా? ఏ పాట ఎప్పుడు రాశాడో తెలియదు కనక కాలక్రమం కుదరదు. ముద్ర చూద్దామంటే అన్నమయ్య, కొడుకు పెదతిరుమలయ్య, మనవడు చినతిరుమలయ్య ముగ్గురూ వేంకటేశ్వరుడి పేరే వేశారు. అందుకని రేకే ఆధారం. ఆ రేకు ఎవరిది, అందులో అది ఎన్నో పాట? రేకుకు సాధారణంగా ఆరేసి పాటలు, పాట పైన రాగం పేరు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని చదివి, అచ్చులోకి తెచ్చిన సంపద అది. సంపుటం, రేకు, పాట అని మూడంకెలు చెబితే ఏ ఊళ్ళో ఉన్నవారైనా ఆ పాటను పట్టుకోగలరు. ఆ క్రమం చూస్తే నాకు ఇప్పటికీ గౌరవమే.

అయితే రాగి మీద చెక్కించాలంటే డబ్బు కావాలి, చెక్కే మనుషులు కావాలి, దాచడానికి గుడిలాంటి చోటు కావాలి. ఆ ఇంటి మగవాళ్ళకు అవన్నీ అమరాయి. అదే ఇంట్లో అన్నమయ్య భార్య తిమ్మక్క ద్విపదలో 'సుభద్రా కల్యాణం' రాసింది. తొలి తెలుగు కవయిత్రి అని ఆమెను చెప్పుకుంటాం. సంకీర్తనల రేకుల లెక్కలో మాత్రం ఆమె కనబడదు. ఇక శృంగార సంకీర్తనల్లో మాట్లాడేది చాలావరకు ఆడగొంతే, నాయికో చెలికత్తెనో. ఆ గొంతుకు వేల రేకు సంఖ్యలున్నాయి. ఆ ఇంటి ఆడమనిషికి ఒక్కటీ లేదు.

నేనిప్పుడుండే మదనపల్లెకు తరిగొండ దగ్గరే. 18వ శతాబ్దంలో అక్కడ పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న వెంగమాంబ యక్షగానాలు, శతకం, ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం రాసి, తిరుమలలో 1817లో కన్నుమూసింది. తిరుమల ఏకాంతసేవలో లాలి తాళ్ళపాక వారిది, హారతి తరిగొండ వారిది. గుడిలో ఆ ఇద్దరూ రోజూ పక్కపక్కనే ఉంటారు. ఆమె గ్రంథాలకు పేర్లున్నాయి, అచ్చయ్యాయి. చిక్కల్లా ఆడవాళ్ళ నోళ్ళలో తిరిగిన పాటలతోనే. అవ్వ పుస్తకంలో నాలుగైదు హారతుల చివర తరిగొండ పేరుంది. అవి వెంగమాంబవేనా, ఆమె మీది భక్తితో మరొకామె కట్టి ఆ పేరు పెట్టిందా? తేల్చడానికి రేకు లేదు.

నేనేం చేశానో చెప్పాలి. ఎవరో అడ్డం చెప్పారని కాదు, వైవాలో ఆధారమేదని అడుగుతారేమోనన్న భయంతో నేనే ఆ పాటలన్నిటినీ అనుబంధంలోకి నెట్టాను. పైన "కర్త తెలియదు" అని రాశాను. అవ్వ రాసుకున్న అత్తలనూ చిన్నమ్మలనూ వదినెలనూ కొట్టేశాను. అవి పరిశోధనకు పనికొచ్చే వివరాలని అప్పుడు నాకు తోచలేదు.

ఆ తర్వాత ఫానీ మెండెల్సన్ గురించి చదివాను. ఆమె పాటలు ఆరు తమ్ముడు ఫెలిక్స్ పేరుతో, అతని ఎనిమిదో, తొమ్మిదో ఓపస్‌లలో మూడేసి చొప్పున అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ఎదుట తనకిష్టమైన పాటొకటి ఎంచుకుని పాడింది. అది మా అక్కది అని అతను ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ పాటకు సంఖ్య ఉంది. సంఖ్య ఉండీ మనిషి పోయింది. అచ్చు వేయించుకోగలిగినవారెవరో ఆ అంకె చెప్పింది, పాట కట్టిందెవరో చెప్పలేదు.

అంకెలు వద్దని నేననను. అంకె లేని పాట తొందరగా పోతుంది. అవ్వ పోయాక నోటుపుస్తకం మళ్ళీ తీసి ఒకటి నుంచి వరసగా సంఖ్యలు వేస్తున్నాను. పల్లవి, ముద్ర, ఏ సందర్భంలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నది అని గడులు గీశాను. "కర్త తెలియదు" అన్న మాట ఈసారి రాయడం లేదు.

అవ్వ పద్ధతిలోనూ ఒక లోటుంది. వాయల్పాడు అత్తకు ఒక పేరుండాలి కదా. కుప్పం చిన్నమ్మకూ ఉండాలి. వరసలు రాసుకున్న అవ్వ, పేర్లు అందరికీ తెలిసినవేలే అనుకుని ఉంటుంది. అడుగుదామంటే ఇప్పుడు అవ్వ లేదు. వరస పక్కన పేరుకని ఇంకో గడి గీశాను. పుంగనూరులో అవ్వ ఈడువాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళను అడిగేదాకా ఆ గడి ఖాళీగానే ఉంటుంది.