వెల్లుల్లి పద్దు

బరంపురమున మా యింట వెల్లుల్లి లేని పొద్దు లేదు. కోస్తావారు దీనిని వెల్లుల్లి యనియు, రాయలసీమవారు తెల్లగడ్డ యనియు, తెలంగాణమువారు ఎల్లిగడ్డ యనియు నందురు. పేరేదైనను ఘాటొక్కటే. మా తల్లిగారు బాలింతలకు వెల్లుల్లి కారము పెట్టుచు, జలుబు చేసిన పిల్లలకు రెబ్బలు కాల్చి తినిపించుచు నుండెడివారు. ఆ నమ్మకమే మాకును సంక్రమించినది.

ఉద్యోగ విరమణానంతరము, గుండెకు మేలని యెవరో చెప్పగా, ప్రతిదినము పరగడుపున నాలుగు పచ్చి రెబ్బలు నమల నారంభించితిమి. వైద్యుడిచ్చిన ఆస్పిరిన్ మాత్రయు మ్రింగుచునే యుంటిమి. కొన్ని నెలలకు పన్నొకటి తీయించుకొనగా రాత్రి యంతయు నెత్తురు నిలువలేదు. ఇంటిల్లిపాదియు మేలుకొని కూర్చుండిరి. మరునాడు దంతవైద్యుడు, "అయ్యా, మందులు గాక యింకేమైన తీసికొనుచున్నారా?" అని యడిగెను. వెల్లుల్లి సంగతి మేమతనికి చెప్పియే యుండలేదు.

అప్పుడు గాని దాని గుట్టు తెలిసికొనవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. నలుగని రెబ్బకు ఘాటుండదు. అందు అల్లీన్ అను గంధక పదార్థమొక అరలోను, అల్లీనేజ్ అను ఎంజైము వేరొక అరలోను ఉండును. నలిపినంతనే యవి కలిసి అల్లిసిన్ పుట్టును. దీనిని 1944లో అమెరికాలో కవల్లీటో, బెయిలీ అను శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. ప్రయోగశాలలో నిది సూక్ష్మజీవుల నణచును. కాని నిలుకడ లేనిదై త్వరలోనే యితర గంధక పదార్థములుగా మారును. వానిలో కొన్ని, రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకొననీయవు. ఆస్పిరిన్ చేయు పనియు నదియే. వేడికి ఆ ఎంజైము నశించును గనుక పోపులో వేగిన రెబ్బకు పచ్చిదానికున్నంత తీవ్రత లేదు.

కొలెస్టరాల్ మాటయు విచారించితిమి. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 192 మందిపై ఆరు నెలలు జరిపిన పరీక్షలో పచ్చి వెల్లుల్లి గాని, దాని మాత్రలు గాని చెడ్డ కొలెస్టరాల్‌ను తగ్గింపలేదు. రక్తపోటు గలవారికి కొద్దిగా తగ్గునని మాత్రము కొన్ని పరిశీలనలు తెలుపుచున్నవి.

మా తల్లిగారి వంట తప్పు కాదు. ఆహారమును మందుగా వాడుచు, ఆ మాట వైద్యునికి చెప్పకుండుట మా తప్పు. కచేరీలో కాలణా పద్దును సైతము విడువని గుమాస్తాలమయ్యును, ఈ పద్దును వ్రాయింప మరచితిమి. నెత్తురు పలుచనగు మందులు వాడువారును, శస్త్రచికిత్సకు పోవువారును ఈ సంగతి ముందుగా వైద్యునికి చెప్పుదురు గాక.

మా యింట పోపులో వెల్లుల్లి నేటికిని వేగుచునే యున్నది. పరగడుపు రెబ్బలు మాత్రము మానితిమి.